మోసేవాళ్ళలో ఒకడు తక్కువ

ఆ ఉదయం ఆకాశం బాగా కిందికి దిగి, దున్నిన పొలాల మీద ఆనుకుని ఉంది. వానా కాదు, మంచూ కాదు, గాలిలో నిలిచిపోయిన తడి. బస్సు దిగి నిలబడితే పైన ఎక్కడో అడవి బాతులు దక్షిణానికి పోతున్న అరుపులు వినిపించాయి గాని ఒక్క బాతూ కనబడలేదు. యుద్ధం దగ్గర మేం దీన్ని మంచి ఆకాశం అంటాం. పైన తిరిగే డ్రోన్లకు కింద ఏమీ ఆనదు. అలాంటి రోజు మనిషి నడుం నిటారుగా పెట్టి నడవొచ్చు. అలవాటు కొద్దీ పైకి చూసి, మంచి రోజే, అనుకున్నాను. ఎందుకు వచ్చానో ఆ తర్వాత గుర్తొచ్చింది.

ఆ రోజు నజార్‌ను మట్టిలో పెడుతున్నారు.

వెర్బోవే ఊరు బస్సు రోడ్డుకు దూరం. నడిచాను. దారి పక్కన చక్కెర దుంపలు కుప్పలు పోసి ఉన్నాయి. ఎత్తేవాళ్ళు లేక పై వరస మెత్తబడిపోయింది. చాళ్ళు వంకరగా ఉన్నాయి. యుద్ధానికి ముందు నేను ట్రాక్టర్ నడిపేవాణ్ణి, చేను చూస్తే చెయ్యి తెలుస్తుంది. ఇది కొత్త చెయ్యి. పాత చేతులు ఎక్కడున్నాయో నాకు తెలుసు.

ఆ ఊరికి నేను ఇంతకు ముందు ఒక్కసారే వచ్చాను, బంగాళదుంపలు తవ్వే రోజుల్లో, నజార్ వెంట. ఇంట్లో నన్ను స్నేహితుడని చెప్పాడు. వాళ్ళమ్మ లీదా పిన్ని నా చేతికి గునపం ఇచ్చి, సాయంత్రానికి నేను తవ్విన వరసలు చూసి, "పల్లెటూరి పిల్లాడే" అంది. వెళ్ళేటప్పుడు ఇద్దరికీ చెరో జత ఉన్ని మేజోళ్ళు ఇచ్చింది. బూడిద రంగు, పైన ఎర్ర పట్టీ. ఆ తర్వాత ప్రతి చలికాలం పార్శిల్లో రెండు జతలు వచ్చేవి.

కిందటేడు వసంతంలో నేను రాజధాని వెళ్ళి, పార్లమెంటు ముందు నిలబడి, టీవీ వాళ్ళతో మాట్లాడాను. నేను సైనికుణ్ణి, మందుపాతరలు తీస్తాను, గే మనిషిని అని చెప్పాను. నాకు దెబ్బ తగిలితే ఆస్పత్రిలో నా మంచం పక్కన కూర్చునే హక్కు నా మనిషికి లేదు, నేను చస్తే శవాన్ని అతనికివ్వరు, కబురు కూడా చెప్పరు, అందుకని మా ఇద్దరినీ ఒక ఇంటివాళ్ళుగా ఒప్పుకునే చట్టం కావాలి అన్నాను. మిగతా దళమంతటికీ ఉన్నదే అడుగుతున్నాను, అంతకంటే ఎక్కువ వద్దు అన్నాను. నజార్ పేరు చెప్పలేదు. కాని నా పక్కనే నిలబడ్డాడు, టీవీలో కనబడ్డాడు.

తిరిగి వెళ్ళాక మా సార్జంట్ నన్ను పైనుంచి కిందికి చూసి, "నీ జన్మకి సరిపడా మాటలు ఆ రెండు నిమిషాల్లో ఆడేశావు కదరా జఖార్. ఇంక మందుపాతర కనబడితే సైగ చెయ్యి, చాలు" అన్నాడు. మా దళంలో దాని గురించి అయిన గొడవ అంతే. నా యూనిఫాం ఎడమ భుజం మీద ఒంటి కొమ్ము గుర్రం బొమ్మ ఉన్న గుడ్డ బిళ్ళ ఉంటుంది. సైన్యంలో మాలాంటివాళ్ళు లేరు అనేవాళ్ళు ఉన్నారు, అందుకే మాలో కొందరం లోకంలో లేని జంతువును భుజానికి పెట్టుకున్నాం. దాన్ని చూసి సార్జంట్, "ఈ గుర్రానికి మేత ఎవరు పెడతారు, నా రేషన్లోంచి కుదరదు" అనేవాడు.

ఆ చలికాలం పార్శిల్లో ఒక్క జతే వచ్చింది.

నజార్ గాయపడ్డవాళ్ళను మోసుకొచ్చే బండి నడిపేవాడు, వేరే దళం. మా ఇద్దరికీ కలిసే వీలు దొరికిన రోజు ఆ జత ముందు పెట్టుకుని కాసేపు చూసి, ఒకటి నా కాలికి తొడిగాడు, ఒకటి తన కాలికి వేసుకున్నాడు. "అమ్మ లెక్క అమ్మది, మన లెక్క మనది" అన్నాడు. ఆపైన ఫోన్ చేసినప్పుడల్లా ముఖం కంటే ముందు కాలు చూపించేవాడు.

తర్వాత ఫోన్ ఆగిపోయింది. నేను పంపిన మాటలు చదవకుండానే పడి ఉన్నాయి. ఒక రోజు కాపలా గుంటలో ఒక్కణ్ణే ఉన్నప్పుడు అతని కమాండర్ ఫోన్ చేశాడు.

"చట్టం ప్రకారం నేను నీకు ఏమీ చెప్పకూడదు, జఖార్. నువ్వు బంధువువి కావు" అన్నాడు.

"చెప్పండి" అన్నాను.

"చెప్పాను కదా" అన్నాడు.

మా కమాండర్ సెలవు కాగితం ముందు పెట్టుకుని చాలాసేపు కలం తిప్పాడు. దగ్గరివాళ్ళు పోతే సెలవుంది, స్నేహితుడు పోతే లేదు. చివరికి, "పన్ను నొప్పి అని రాస్తున్నాను. గేటు దాటేదాకా దవడ పట్టుకుని వెళ్ళు" అన్నాడు. గేటు దాటాక కూడా చెయ్యి దించడం మర్చిపోయాను. బస్సులో పక్కన కూర్చున్నావిడ లవంగం ఇచ్చి నమలమంది. నమిలాను.

లీదా పిన్ని ఇంటి గేటు తెరిచి ఉంది. వాకిట్లో గోడకు శవపేటిక మూత ఆనించి ఉంది. పక్క వంటపాకలోంచి పొగ, ఉడికే క్యాబేజీ వాసన. ఆడవాళ్ళు నన్ను చూసి మాటలాపి, మళ్ళీ ఉల్లిపాయలు తరగడం మొదలుపెట్టారు. గడప దగ్గర బూట్లు విప్పి లోపలికి వెళ్ళాను.

గది మధ్యలో రెండు బల్లల మీద పేటిక ఉంది. దాని లోపలి మూత మేకులు కొట్టి పంపారు. దాని మీద ఫోటో, ఫోటో ముందు పోయినవాడి కోసం గ్లాసులో నీళ్ళు, గ్లాసు మీద రొట్టె ముక్క. పక్కన స్టూలు మీద లీదా పిన్ని. నల్ల గుడ్డలో ముఖం చిన్నదైపోయింది. నేను తల వంచి నిలబడ్డాను.

ఆమె కూడా నా ముఖం వైపు చూడలేదు. నా కాళ్ళు చూస్తోంది. ఒక కాలికి ఆకుపచ్చ సైన్యం మేజోడు, ఇంకో కాలికి ఎర్ర పట్టీ ఉన్న బూడిద రంగుది.

"రెండోది ఏది?" అంది.

"నజార్ దగ్గరుంది, పిన్నీ. చెరోటి వేసుకునేవాళ్ళం."

"ఒక కాలు చలికి వదిలేసా?"

"లేదు. రెండో కాలికి ప్రభుత్వం వాళ్ళది."

ఆమె కాస్త ముందుకు వంగి చూసింది. తర్వాత, "మడమ దగ్గర పలచబడింది" అంది. అని పేటిక కాలివైపు చూసింది. మేకులు కొట్టిన పెట్టెలో ఏముందో ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు.

నేను బయటికి వచ్చి బూట్లు తొడుక్కుంటుంటే ఫెదీర్ వచ్చాడు. లీదా పిన్ని తమ్ముడు, నజార్‌కు మేనమామ. ధాన్యం గిడ్డంగిలో తూకం వేస్తాడు. తండ్రి లేని నజార్‌ను సైకిలు ఎక్కించి బడికి దింపింది ఈయనే అని విన్నాను. ఏడ్చిన కళ్ళు.

"వచ్చావు, మంచిదయ్యా" అన్నాడు. కాస్త ఆగి, గొంతు తగ్గించాడు. "ఒక్క మాట. ఆ భుజం మీద గుర్రం. ఈ ఒక్కరోజు తీసెయ్యి. పాదిరి వస్తాడు, ముసలమ్మలు వస్తారు. అది అంటించుకునేదే కదా."

"నేను కుట్టుకున్నాను" అన్నాను. పొదల్లో పాకేటప్పుడు అంటించినవి ఊడిపోతాయి.

ఆయన ఇంకేదో అనబోయాడు. అంతలో పనాస్ మామ వచ్చాడు. ఆ ఊళ్ళో గోతులు తవ్వించేది, పేటిక మోసేవాళ్ళను కూర్చేది ఆయనే. చేతిమీద మడత పెట్టిన పూల రుమాళ్ళ దొంతర. మోసేవాళ్ళ ఎడమ జబ్బకు ఆ రుమాలు కడతారు. కట్టిందంటే ఆ మనిషి మోసేవాడు అని ఊరికి తెలుస్తుంది. పని అయ్యాక రుమాలు వాడిదే.

పనాస్ మామ వాకిట్లో మగవాళ్ళను చూసి పెదవి విరిచాడు. "నలుగురు కావాలి, జిల్లా నుంచి ముగ్గురు సైనికుల్నే పంపారు. ఈ వారం వాళ్ళకి ఊరికొక శవం ఉందట. మన ఊళ్ళో నడుం వంగనివాడు ఎవడున్నాడు? ఇవాన్ ఉన్నాడు గాని దగ్గు. ఆ గడ్డం పెద్దాయన సగం దారిలో కూర్చుంటాడు, ఆయన్ని కూడా మొయ్యాలి అప్పుడు."

"నేను పడతాను ఒక పక్క" అన్నాడు ఫెదీర్.

"నువ్వు కూర్చో. మేనమామవి. ఇంటివాళ్ళు భుజం పడితే పోయినవాడు ఏమనుకుంటాడు? నన్ను వదిలించుకోడానికి ఇంత తొందరా అనుకోడూ? మా తాత నుంచీ ఈ ఊళ్ళో ఇంటివాడు మొయ్యలేదు." ఆయన చూపు నా మీద ఆగింది. పైకి కిందికి కొలిచాడు, పశువుల సంతలో చూసినట్టు. "నువ్వు నజార్‌తో పాటు సైన్యంలో వాడివా అబ్బాయ్?"

"అవును."

"ఇదిగో, భగవంతుడు పంపాడు. మంచి పొడగరివి. ఎడమ పక్క, తలవైపు నువ్వు. చెయ్యి ఇటు తే."

ఆయన నా జబ్బ పట్టుకుని రుమాలు చుట్టాడు. ఎర్ర గులాబీలున్న రుమాలు. సరిగ్గా గుర్రం బొమ్మ మీద పడింది. బొమ్మ మూసుకుపోయింది. ఫెదీర్ ఊపిరి వదలడం వినిపించింది.

"బాగుంది. అలాగే కట్టు పనాస్. ఇంకాస్త పైకి లాగు" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు. బరువు దిగిన మనిషి గొంతు. నా భుజం తట్టి, "తోటివాడు మోస్తున్నాడు, మంచి మాట. ఊరంతా చూస్తుంది. నజార్ సంతోషిస్తాడు" అన్నాడు.

అందరికీ బాగుంది. నాకూ బాగుంది, నిజం చెప్పాలంటే. ఆ చెక్క నా భుజానికి తగులుతుంది. చర్చి నుంచి స్మశానం దాకా నా తల అతని తల పక్కనే ఉంటుంది. నేను అతణ్ణి తాకే ఆఖరి వీలు అదే. పనాస్ మామ ముడి బిగిస్తున్నాడు. టీవీ వాళ్ళ ముందు తడబడకుండా మాట్లాడాను. అక్కడ నజార్ తప్ప ఎవరూ నాకు తెలియదు. ఈ వాకిట్లో ఉల్లిపాయలు తరిగే ఆడవాళ్ళు, దగ్గే ఇవాన్, ఈ రుమాలు.

"విప్పెయ్ మామా" అన్నాను.

"గట్టిగా అయిందా?"

"కాదు. నేను మొయ్యకూడదు."

"ఏం, నడుం నొప్పా?"

"నేను ఇంటివాణ్ణి."

పనాస్ మామ చేతులు ముడి మీదే ఆగాయి. వంటపాకలో కత్తుల చప్పుడు ఆగింది. ఫెదీర్ ముఖం మెడ నుంచి పైకి ఎర్రబడుతూ వచ్చింది.

"ఏ ఇంటివాడివి?" అన్నాడు ఫెదీర్, పళ్ళ మధ్య నుంచి. "నీ పోరాటమేదో రాజధానిలో చేసుకో నాయనా. జెండాలు పట్టుకో, టీవీలో చెప్పుకో, ఎవడొద్దన్నాడు. శవం ఇంట్లో ఉండగా ఇక్కడ కాదు."

"అక్కడ అడిగింది ఇదే" అన్నాను. "ఇక్కడ నిలబడటానికే అక్కడ అడిగాను."

రుమాలు ముడి నేనే విప్పుకున్నాను. ఒక్క చేత్తో సరిగా రాలేదు, పంటితో లాగాను. మడిచి పనాస్ మామ చేతిలో పెట్టాను. గుర్రం బొమ్మ మళ్ళీ బయటపడింది, కాస్త నలిగి.

పనాస్ మామ నన్నూ చూశాడు, ఫెదీర్‌నూ చూశాడు. ఆయనకు అది పెద్ద చర్చ కాదు, పని. గడప వైపు తిరిగాడు. లీదా పిన్ని తలుపు పట్టుకుని నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో మేం చూడలేదు.

"లీదా, నాకు పాదిరి వచ్చే వేళయింది. ఈ అబ్బాయిని మోసేవాళ్ళలో లెక్కపెట్టుకోనా, వద్దా? అది చెప్పు."

ఆమె నా కాళ్ళవైపు చూసింది, ఇప్పుడు బూట్లున్నాయి, చూడటానికి ఏమీ లేదు.

"లెక్కపెట్టకు" అంది. అని లోపలికి వెళ్ళిపోయింది.

ఫెదీర్ టోపీ తీసి, మళ్ళీ పెట్టుకుని, గేటు దాకా నడిచి, అక్కడే అటు తిరిగి నిలబడ్డాడు.

"ఒకడు తగ్గాడు" అన్నాడు పనాస్ మామ, ఎవరితోనూ కాకుండా. వీధిలో శవాన్ని తెచ్చిన వ్యాన్ డ్రైవర్ సిగరెట్ కాలుస్తున్నాడు, వేరే జిల్లావాడు. పనాస్ మామ నేరుగా అతని దగ్గరికి వెళ్ళాడు.

"నజార్ నీకేమైనా అవుతాడా?"

"లేదండీ. నేను బండి తోలేవాణ్ణి, అంతే. ఈయనెవరో కూడా నాకు తెలియదు."

"అయితే మొయ్యి" అని అతని జబ్బకు రుమాలు కట్టాడు.

చర్చిలో ప్రార్థన అయ్యాక బయల్దేరాం. డ్రైవర్ పొట్టివాడు. పేటిక ఎడమ పక్క తలవైపు మూల కిందికి వాలింది. అతను పాపం మునివేళ్ళ మీద నడిచే ప్రయత్నం చేశాడు, మధ్యలో భుజం మార్చుకున్నాడు. దారి పొడుగునా ఆ వాలిన మూల చూస్తూ నడిచాను. నా భుజం దానికి సరిగ్గా సరిపోయేది.

పేటిక వెనకే లీదా పిన్ని, ఆమె చెయ్యి పట్టుకుని ఫెదీర్. వాళ్ళ వెనక కొంత జాగా. ఆ జాగా వెనక నేను. నా వెనక ఇంకొంత జాగా వదిలి ఊరు. నా పక్కకు ఎవరూ రాలేదు. వీధికి రెండు వైపులా జనం తడి నేల మీద మోకాళ్ళ మీద కూర్చున్నారు, సైనికుడు ఇంటికొచ్చినప్పుడు ఇప్పుడు అన్ని ఊళ్ళలోనూ చేసేదే. పేటిక వస్తుంటే తలలు వంచారు. తల్లి దాటగానే లేచి మోకాళ్ళ మట్టి దులుపుకున్నారు. నేను దులుపుకునే చేతుల మధ్య నుంచి నడిచాను. ఒక్క ముసలావిడ మాత్రం నేను దాటేదాకా లేవలేదు. కావాలనే కూర్చుందో, లేవలేకపోయిందో నాకు తెలియదు.

స్మశానంలో జిల్లా నుంచి వచ్చిన కెప్టెన్ జెండా మడిచి తల్లి చేతికిచ్చాడు. చెయ్యి నుదుటికి ఎత్తి ఆమెకు వందనం చేశాడు. నేనూ చెయ్యి ఎత్తాను, గోతికి. తాళ్ళ మీద పేటిక దిగింది. లీదా పిన్ని గుప్పెడు మట్టి వేసింది. ఫెదీర్ వేశాడు. తవ్వేవాళ్ళు పారలు అందుకున్నారు.

పనాస్ మామ చెయ్యెత్తి ఆపాడు. ప్రతి గోతి దగ్గరా ఆయన అడిగే మాటే అడిగాడు, అదే పెద్ద గొంతుతో.

"ఇంటివాళ్ళు ఇంకెవరైనా మిగిలారా?"

ఎవరూ కదల్లేదు. ఆయన ఎవరి వైపూ చూడకుండా, పార మీద ఆనుకుని, వేచి ఉన్నాడు. నేను ముందుకు వెళ్ళి వంగాను. నల్ల మట్టి, జిగురుగా ఉంది, వేళ్ళను వదల్లేదు. రెండుసార్లు విదిలించాల్సి వచ్చింది. పడిన చప్పుడు చిన్నది.

"కానివ్వండి" అన్నాడు పనాస్ మామ.

తిరిగి వచ్చాక గేటు దగ్గర బకెట్లో నీళ్ళు పెట్టారు. అందరూ చేతులు కడుక్కుని వాకిట్లో టార్పాలిన్ కింద వేసిన బల్లల దగ్గర కూర్చుంటున్నారు. నేను గోళ్ళలో మట్టి పోవడం లేదని కడుగుతూనే ఉన్నాను. ఆ సాయంత్రం బస్సు ఉంది, ఎక్కెయ్యొచ్చు అనుకున్నాను. పక్కన ఎవరో చెంబు తీసుకున్నారు. లీదా పిన్ని. నా చేతుల మీద నీళ్ళు పోసింది.

"నీకెవరు చెప్పారు?" అంది.

"వాళ్ళ కమాండర్. చెప్పకూడదంటూనే."

"నా దగ్గరికి ఇద్దరు వచ్చారు" అంది. "నన్ను కుర్చీలో కూర్చోబెట్టారు. మంచినీళ్ళిచ్చారు. ఒకామె నా చెయ్యి పట్టుకుంది. అప్పుడు చెప్పారు." చెంబులో నీళ్ళు అయిపోయాయి, అయినా అది అలాగే వంచి పట్టుకుంది. "నీ దగ్గర ఎవరున్నారు?"

"ఎవరూ లేరు. గుంటలో ఉన్నాను."

ఆమె చెంబు బకెట్ మీద బోర్లించింది.

"మళ్ళీ వెళ్తావా, ఆ పార్లమెంటు దగ్గరికి?"

"వెళ్తాను."

"ఆ కుర్చీ సంగతి చెప్పు" అంది.

తన తువ్వాలు కొస నాకిచ్చి, నేను చేతులు తుడుచుకున్నాక, ముందు నడిచింది. బంధువుల బల్ల ఇంటి గోడ పక్కన ఉంది. దాని చివర నజార్ ఫోటో, నీళ్ళ గ్లాసు, రొట్టె ముక్క. పక్కన ఆమె కుర్చీ. ఆమెకు అటు ఫెదీర్ కూర్చుని ఉన్నాడు. ఇటు ఖాళీగా ఉన్న చోట కెప్టెన్ ఇచ్చిన జెండా పెట్టి ఉంది. ఆమె జెండా తీసి ఒళ్ళో పెట్టుకుంది. నేను కూర్చున్నాను.

చావు భోజనానికి ఫోర్కులు పెట్టరు, చెంచాలే. ముందు తేనెలో ఉడికిన గోధుమలు వచ్చాయి. గిన్నె ఒకటే, చేతులు మారుతూ వస్తుంది, తలా మూడు చెంచాలు. ఆమె తిని నా వైపు జరిపింది. నేను తిన్నాను. నా పక్క పనాస్ మామ. ఆయన్ని దాటి వ్యాన్ డ్రైవర్, జబ్బకు రుమాలు ఇంకా విప్పలేదు, భుజం రుద్దుకుంటున్నాడు. బోర్ష్ చారు వచ్చింది, వేడిగా, బీట్‌దుంప ఎరుపుతో. ఫెదీర్ రొట్టె పళ్ళెం తన ముందు పెట్టుకుని చాలాసేపు దాన్నే చూశాడు. తర్వాత అక్క మీదుగా చెయ్యి చాపి, పళ్ళేన్ని నా ముందు పెట్టాడు. నా ముఖం వైపు చూడలేదు. నేను ఒక ముక్క తీసుకున్నాను. చెంచాలు గిన్నెలకు తగులుతున్నాయి. టార్పాలిన్ మీద తడి చుక్కలు కట్టి, అంచు నుంచి ఒక్కొక్కటే రాలుతోంది. గిన్నె అడుగు కనబడేదాకా తిన్నాం.